మొక్కకో నంబరు, నంబరుకో చరిత్ర

పార్కులో చెట్టు నీడనిస్తే చాలు. బొటానికల్ గార్డెన్‌లో మాత్రం అది ఏ జాతిదో, దాని గింజ ఏ గుట్ట మీదిదో, ఎప్పుడు తెచ్చారో కూడా తెలియాలి. ఆ వివరం పోతే చెట్టు బతికున్నా శాస్త్రానికి పనికిరాదు. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోని తెలంగాణ బొటానికల్ గార్డెన్ లాంటి చోట్ల విద్యార్థులు చదువు అయిపోగానే వెళ్లిపోతారు. ఊరివాళ్లు కలిసి పెంచే తోటల్లోనూ చేతులు మారుతూనే ఉంటాయి. నాటే రోజు మనుషులకు కొదవ ఉండదు, రిజిస్టరు రాసేవాళ్లకే కరువు.

నంబరు వేయడం తేలికే. 2024-17-3 అంటే, 2024లో వచ్చిన పదిహేడో గింజల మూటలోంచి మొలిచిన మూడో మొక్క. దాని ఎదుట శాస్త్రీయ నామం, ఊళ్లో పిలిచే పేరు, సేకరించిన చోటు, తేదీ, ఎన్ని తల్లిచెట్ల గింజలో రాయాలి. ఒకే చెట్టు గింజలైతే తోటంతా తోబుట్టువులే. అందుకే వంద మీటర్ల ఎడంతో కనీసం పది చెట్ల నుంచి ఏరుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అయితే ముందు అటవీశాఖ అనుమతి.

మార్కర్ పెన్ను రాత మన ఎండకు నిలవదు. అల్యూమినియం రేకు మీద మేకు మొనతో నొక్కి గీస్తే వెలిసిపోయేదేమీ ఉండదు. అసలు చిక్కంతా కట్టే దగ్గరే. తీగను కాండానికి బిగించి చుడితే, కాండం లావెక్కేకొద్దీ అది బెరడులోకి దిగబడుతుంది. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరేది బెరడు లోపలి పొర గుండానే. ఆ దారి తెగితే తీగకు పైన కాండం ఉబ్బుతుంది, కింద వేళ్లు పస్తుండి ఎండుతాయి. నాలుగు చేతివేళ్లు దూరేంత వదులుగా పక్కకొమ్మకు కట్టి, ఏటా తొలకరికి ముందు సడలించాలి.

పేరు తప్పితే పోషణా తప్పుతుంది. నల్లమద్ది, తెల్లమద్ది రెండింటికీ 'మద్ది' అనే రాసిన పలకలు కనిపిస్తుంటాయి. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన నల్లటి బెరడు నల్లమద్దిది. అది ఎండు గుట్టల మీద కూడా పెరుగుతుంది. నున్నటి లేత బెరడు పొరలుగా ఊడే తెల్లమద్ది వాగు ఒడ్డు చెట్టు, దానికి తడి కావాలి.

గింజల తీరూ ఒకటి కాదు. ఇప్ప గింజ దాచుకుంటే చెడుతుంది, రాలిన కొద్ది రోజుల్లోనే విత్తాలి. రేల గింజది రాతి పెంకు. గరుకు రాయి మీద ఒక అంచు రుద్ది ఒక రోజు నానబెడితే, నీరు పట్టినవి ఉబ్బుతాయి. ఉబ్బనివాటిని పారేయక మళ్లీ రుద్దాలి.

చల్క నేలలో ఇసుక పాలెక్కువ, కింద మొరం. ఒకేసారి కుమ్మరించిన నీళ్లు వేళ్లకు అందకుండా జారిపోతాయి. వేసవిలో వారానికి 20 లీటర్లనుకుంటే రెండు విడతలుగా పోయడమే మేలు. మొదటి ఏడాది పాదు మొదలు దగ్గరే ఉండాలి, రెండో ఏడాది కొమ్మల అంచు దాకా జరపాలి. ఎండుటాకులు మూడంగుళాల మందాన పరచవచ్చు గానీ, కాండానికి జానెడు ఎడం వదలాలి.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే, నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. ముదురాకులు పచ్చగానే ఉండి, లేతాకులు ఈనెలు తప్ప పసుపెక్కుతాయి. ఇది చూసి యూరియా వేసేవాళ్లున్నారు, దండగ. నత్రజని లోపమైతే ముదురాకులే ముందు పాలిపోతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లపూట పిచికారీ చేయాలి.

చచ్చిన మొక్క నంబరును మరోదానికి ఇవ్వకూడదు. దాన్ని పీకి వేరు చూసి, తేదీతో పాటు కారణం రాయాలి. వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే పాలిథిన్ సంచిలో ఎక్కువ కాలం ఉంచారని అర్థం. బెరడు మీద మట్టి పూత ఉండి లోపల తొలిచేసి ఉంటే చెదలు. మట్టిలో ముడుచుకున్న తెల్లటి వేరుపురుగు దొరికితే గుంతలో వేసిన పెంట మాగిందో లేదో చూసుకోవాలి. అదే గుంతలో ఇంకోటి నాటే ముందు ఈ పని జరగాలి. చాలా రిజిస్టర్లలో 'నీళ్లు లేక' అని ఉంటుంది. వేరు చూడనిదే ఆ మాట రాయనివ్వకూడదు.