ఆర్గానిక్ కెమిస్ట్రీ బట్టీ సబ్జెక్టేనా? అపోహలు - వాస్తవాలు

ఏటా మొదటి క్లాసులోనే ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "సార్, మొత్తం ఎన్ని రియాక్షన్లు కంఠస్థం చేయాలి?" అడిగినవాళ్ల తప్పేమీ లేదు, సీనియర్లు చెప్పి పంపేది అదే. కాబట్టి ముందు ఈ సంగతే తేలుద్దాం.

అపోహ: ఆర్గానిక్ అంటే బట్టీయే.

పేర్లు, ప్రమేయ సమూహాలు (అణువు స్వభావాన్ని నిర్ణయించే పరమాణువుల గుంపులు) గుర్తుంచుకోక తప్పదు. అక్షరాలు రాకుండా చదవలేం కదా! ఆ తర్వాత ప్రతిచోటా వేసుకోవాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే: ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎక్కువున్నాయి, ఎక్కడ తక్కువున్నాయి?

మార్కోవ్నికాఫ్ నియమాన్నే తీసుకోండి. "హైడ్రోజన్లు ఎక్కువున్న కార్బన్‌కే హైడ్రోజన్ చేరుతుంది" అని వల్లె వేస్తారు. ఎందుకు చేరుతుందో చూద్దాం. ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే, ద్విబంధంలోని ఎలక్ట్రాన్ జంట ముందుగా హైడ్రోజన్ బ్రోమైడ్‌లోని ఎలక్ట్రాన్ లేని హైడ్రోజన్‌ను, అంటే ప్రోటాన్‌ను అందుకుంటుంది. ప్రోటాన్ చివరి కార్బన్‌కు చేరితే ధనావేశం మధ్య కార్బన్ మీద పడుతుంది. అక్కడ రెండు పక్కలా ఉన్న మిథైల్ (CH₃) సమూహాలు ఎలక్ట్రాన్లను కొంత అందించి ఆ భారం తగ్గిస్తాయి. ధనావేశం చివర పడితే ఆ ఆసరా ఒక పక్కనుంచే. అందుకే మొదటి దారి సులువు; బ్రోమైడ్ వచ్చి మధ్యలో చేరుతుంది, 2-బ్రోమోప్రొపేన్ వస్తుంది.

ఇదే చర్యలో పెరాక్సైడ్ కూడా కలిపితే 1-బ్రోమోప్రొపేన్ వస్తుంది. బట్టీ పట్టినవాళ్లకు ఇది మినహాయింపు, నోట్సులో ఇంకో లైను. కానీ ఇక్కడ ముందుగా వచ్చి అతుక్కునేది ప్రోటాన్ కాదు, బ్రోమిన్ రాడికల్, అంటే జత లేని ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న బ్రోమిన్ పరమాణువు. అది చివరి కార్బన్‌కు అతుక్కుంటే ఒంటరి ఎలక్ట్రాన్ మధ్య కార్బన్ మీద ఉంటుంది, ఇక్కడా అదే ఎక్కువ స్థిరం. తర్కం మారలేదు, ముందు వచ్చే అతిథి మారాడు.

అపోహ: చర్య ఎలా జరిగిందో చూపడానికి గీసే వంపు బాణం, పరమాణువు ఎటు కదిలిందో చెబుతుంది.

కాదు. అది ఎలక్ట్రాన్ జంట కదలిక. బాణం తోక ఎలక్ట్రాన్లున్న చోటే ఉండాలి. ప్రోటాన్ దగ్గర బాణం మొదలుపెట్టిన జవాబు పత్రాలు నేను దిద్దినన్ని ఇంకెవరూ దిద్ది ఉండరేమో! దాని దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లే లేవు మరి.

అపోహ: ఆరు కార్బన్ల వలయమైన బెంజీన్, ఏక, ద్విబంధాలు ఒకటి విడిచి ఒకటిగా గీసే రెండు నిర్మాణాల మధ్య అటూ ఇటూ మారుతూ ఉంటుంది.

ఈ పొరపాటుకు పెద్ద వంశమే ఉంది. 1865లో వలయ నిర్మాణం ప్రతిపాదించిన రసాయన శాస్త్రవేత్త కెకూలేయే, 1872లో ద్విబంధాలు స్థానాలు మార్చుకుంటాయన్నాడు. తర్వాత కొలతలు వేరే మాట చెప్పాయి. మామూలు కార్బన్ ఏకబంధం పొడవు 154 పికోమీటర్లు, ద్విబంధం 134. బెంజీన్‌లో ఆరు బంధాలూ 139 దగ్గరే, పొడుగ్గా ఒకటీ పొట్టిగా ఒకటీ లేవు. శక్తి లెక్కా ఇదే చెబుతుంది. సైక్లోహెక్సీన్‌లోని ఒక్క ద్విబంధానికి హైడ్రోజన్ చేరితే మోల్‌కు దాదాపు 120 కిలోజౌళ్లు వెలువడతాయి. మూడు ద్విబంధాలుంటే 360 రావాలి. బెంజీన్ ఇచ్చేది 208 మాత్రమే. అంటే ఆ అణువు మనం గీసే బొమ్మ కంటే 150 కిలోజౌళ్ల మేర దిగువన, స్థిమితంగా కూర్చుని ఉంది. మన బొమ్మలు రెండు. అణువు మాత్రం ఎప్పుడూ ఒక్కటే రూపంలో ఉంటుంది.

అపోహ: కర్బన (ఆర్గానిక్) సమ్మేళనాలు జీవుల నుంచే వస్తాయి.

1828లో రసాయన శాస్త్రవేత్త వోలర్, జీవుల శరీరంలో తయారయ్యే యూరియాను అమ్మోనియం సయనేట్ అనే లవణం నుంచి చేశాడు. ఇందులో నాకు ఎక్కువ నచ్చేది వేరే: రెండింటిలోనూ ఉన్నవి అవే పరమాణువులు, అన్నే. అమరిక మారింది, పదార్థం మారింది.

అపోహ: కాగితం మీద వేరుగా కనిపిస్తే అణువులూ వేరే.

డైక్లోరోమీథేన్‌ను రెండు క్లోరిన్లు పక్కపక్కన ఉన్నట్టు ఒకసారి, ఎదురెదురుగా ఉన్నట్టు ఒకసారి గీసి, రెండు ఐసోమర్లని (అవే పరమాణువులు, వేరే అమరిక ఉన్న అణువులని) రాసేస్తారు. కార్బన్ నాలుగు బంధాలు చతుర్ముఖి (నాలుగు త్రిభుజాకార ముఖాల ఆకృతి) మూలల వైపు ఉంటాయని 1874లోనే రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ చెప్పాడు, అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. నమ్మకం కుదరకపోతే బంకమట్టి ఉండలు, అగ్గిపుల్లలతో రెండు మోడళ్లు చేసుకోండి. ఒకదాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పండి, రెండోదానితో సరిపోయేదాకా.