గర్భిణులకు షుగర్, పైగా కోవిడ్: అపోహలు - వాస్తవాలు

2020 లాక్‌డౌన్‌లో పుట్టిన కొన్ని నమ్మకాలు కోవిడ్ తగ్గినా పోలేదు. జ్వరాల సీజన్ వస్తే చాలు, ఓపీలో మళ్లీ అవే మాటలు వింటున్నాం.

అపోహ: ఆస్పత్రికి వెళ్తే ఏదో ఒకటి అంటుకుంటుంది, షుగర్ పరీక్ష తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: గర్భంలో వచ్చే షుగర్‌కి చాలామందిలో లక్షణాలేమీ ఉండవు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మన ప్రభుత్వ పద్ధతిలో మొదటి చెకప్‌లో ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు రక్తం చూస్తారు. 140, ఆపైన వస్తే షుగర్ ఉన్నట్టే. పరగడుపున రానక్కర్లేదు. కోవిడ్ ఉధృతిలో బ్రిటన్‌లో దీని బదులు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) లాంటి రక్త పరీక్షలతో సరిపెట్టారు. అది అప్పటికి చేసిన సర్దుబాటు మాత్రమే. రక్తహీనత ఎక్కువగా ఉండే మన గర్భిణుల్లో హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్మలేం.

అపోహ: ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడితే సరిపోతుంది.

వాస్తవం: షుగర్ వరకు చాలావరకు సరిపోతుంది. ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసి వాట్సాప్‌లో పంపితే ఇన్సులిన్ డోసు మార్చి చెప్పగలం. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని చూడండి. శానిటైజర్ ఆరని వేలితోనో, మామిడిపండు తిన్న చేత్తోనో చూస్తే అంకె తప్పొచ్చు. బీపీ, స్కానింగ్, బిడ్డ ఎదుగుదల మాత్రం ఫోన్‌లో తేలేవి కావు. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే కోవిడ్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా వెంటనే బయల్దేరండి.

అపోహ: షుగర్ ఉన్న గర్భిణికి స్టెరాయిడ్ ఇవ్వనే కూడదు.

వాస్తవం: దీని దగ్గరే గొడవంతా. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్‌లో స్టెరాయిడ్ ప్రాణం నిలబెడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే మందుల పరిశోధన తేల్చింది. ఆక్సిజన్ బాగున్నవాళ్లకి దాని అవసరం లేదు. గర్భిణులకైతే స్టెరాయిడ్లలో డెక్సామెథాసోన్ కన్నా ప్రెడ్నిసొలోన్, హైడ్రోకార్టిసోన్ మేలు, ఇవి బిడ్డకి తక్కువగా చేరతాయి. షుగర్ పెరగడం మాత్రం ఖాయం. ప్రెడ్నిసొలోన్ పొద్దున వేసుకుంటే పరగడుపు రీడింగ్ బాగానే కనిపించి, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎక్కుతుంది. పొద్దున ఒక్కసారి చూసి ‘నార్మలే’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అప్పుడు ఇన్సులిన్ పెంచుతాం. స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు ఇన్సులిన్ కూడా తగ్గించాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. నెలలు నిండకముందే కాన్పు అవుతుందనుకున్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే ఇంజెక్షన్లు కూడా స్టెరాయిడ్లే. అవి ఇచ్చిన నాలుగైదు రోజులూ ఇదే జాగ్రత్త.

అపోహ: కషాయానికి షుగర్ లెక్కేమిటి?

వాస్తవం: మిరియాలకి, శొంఠికి లెక్క లేదు. అందులో కలిపే బెల్లానికి, తేనెకి ఉంది.

అపోహ: ఇన్సులిన్ బిడ్డకి చేటు, మొదలెడితే జన్మంతా తప్పదు.

వాస్తవం: ఇన్సులిన్ మాయ దాటి బిడ్డకి చేరదు, దాటేది తల్లి రక్తంలోని అదనపు చక్కెర. గర్భంలోనే వచ్చిన షుగరైతే కాన్పయ్యాక చాలామందికి ఇన్సులిన్ ఆపేస్తాం. కానీ ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి, ఈసారి పరగడుపున. బాలింత గడప దాటకూడదంటూ దీన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. బిడ్డకి ఆరు వారాల టీకా ఎలాగూ వేయిస్తారు. ఆ రోజు తల్లిని టిఫిన్ తినకుండా తీసుకురండి, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.