పండగ నాటికే పొట్టిదైన నీడ

పిల్లలూ,

సంక్రాంతి సెలవుల్లో పాప అడిగిన ప్రశ్న మీ అందరికీ పనికొస్తుందని ఈ ఉత్తరం. "పంచాంగంలో జనవరి 14న ఉత్తరాయణ పుణ్యకాలం అని ఉంది. సైన్సు పుస్తకంలో సూర్యుడు ఉత్తరం వైపు మళ్లేది డిసెంబరు 22న అని ఉంది. బామ్మేమో పంచాంగం తప్పు చెప్పదంటుంది. టీచరేమో పుస్తకం చూడమంటున్నారు. పరీక్షలో నేనేం రాయాలి?"

పరీక్షలో డిసెంబరు 22 అని రాయమ్మా. పండగ మాత్రం జనవరిలోనే బామ్మతో కలిసి చేసుకో. ఇలా రెండూ చేసే మనిషి ఎక్కడో ఒకచోట అబద్ధమాడినట్టేనా అన్నది అసలు చిక్కు. అది తేలాలంటే కాస్త ఓపిక పట్టాలి.

పండగ నాడు మనం రెండు మాటల్ని కలిపి చెప్పేస్తుంటాం. సూర్యుడు మకరరాశిలో అడుగుపెట్టాడన్నది ఒకటి. ఇవాళ్టి నుంచి పగలు పెరుగుతుందన్నది రెండోది. మొదటిది నక్షత్రాల మధ్య సూర్యుడు కనబడే చోటు గురించి. రెండోది భూమి వాలు గురించి. ఒకప్పుడు ఈ రెండూ ఒకే రోజున జరిగేవి. ఇప్పుడు జరగడం లేదు. ఎందుకో చెప్తాను.

బామ్మ పెరట్లో తులసికోట చుట్టూ ప్రదక్షిణ చేస్తోందనుకోండి. కోట సూర్యుడు, బామ్మ భూమి. ఆవిడ చేతిలో గొడుగుంది, అదే భూమి ఇరుసు. దాన్ని నిటారుగా పట్టుకోకుండా పెరటి చివరనున్న బావి వైపు వంచి పట్టుకుంది. ఎటు నడుస్తున్నా గొడుగు మొన మాత్రం బావి వైపే. బామ్మ కోటకూ బావికీ మధ్యకు వచ్చినప్పుడు గొడుగు కోటకు పూర్తిగా అవతలికి వాలి ఉంటుంది. మనకు పగలు అన్నిటికన్నా పొట్టిగా ఉండే రోజు అదే. కోటకు అటు పక్కకు వెళ్లినప్పుడు అదే గొడుగు కోట మీదికి వాలుతుంది. అప్పుడు పొడుగు పగళ్లు, జూన్ నెల. గొడుగు వాలు ఇరవై మూడున్నర డిగ్రీలని మీ పుస్తకంలో ఉంటుంది.

ఇప్పుడు చుట్లు లెక్కపెట్టాలి. గోడ మీద కూర్చున్న మనవడు "బామ్మ బావికి ఎదురుగా వచ్చింది, ఒక చుట్టు" అంటాడు. మనవరాలు గొడుగునే చూస్తూ "గొడుగు కోటకు పూర్తిగా అవతలికి వాలింది, ఒక చుట్టు" అంటుంది. మొదట్లో ఇద్దరూ ఒకేసారి అరుస్తారు. కానీ బామ్మ చెయ్యి స్థిరంగా లేదు. ఆవిడ ఎటు నడుస్తోందో దానికి ఎదురు దిక్కుగా గొడుగు మొన మెల్లగా, చుట్టుకు వెంట్రుకవాసి చొప్పున తిరుగుతోంది. అందుకని ఆవిడ బావి ఎదుటికి రాకముందే గొడుగు అవతలికి వాలిపోతుంది. ప్రతిసారీ మనవరాలు ఇంకాస్త ముందే అరుస్తుంది.

బావిని నక్షత్రమనుకుంటే మనవడిది నక్షత్రాల లెక్క, పంచాంగం పట్టుకున్నది దాన్నే. ఆ ఏడాది 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు. మనవరాలిది రుతువుల లెక్క, 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు. తేడా 20 నిమిషాలు. పోగుపడితే దాదాపు 71 ఏళ్లకు ఒక రోజు. గొడుగు మొన ఒక డిగ్రీ తిరగడానికి సుమారు 72 ఏళ్లు, మళ్లీ బావి వైపుకు రావడానికి దాదాపు 25,800 ఏళ్లు పడుతుంది. చెయ్యి ఎందుకు తిరుగుతోందంటే, చంద్రుడూ సూర్యుడూ భూమి నడుమును పట్టి లాగడం వల్ల. భూమధ్యరేఖ దగ్గర భూమి అడ్డుకొలత, ధ్రువం నుంచి ధ్రువానికి ఉన్న కొలత కన్నా 43 కిలోమీటర్లు ఎక్కువ. (బామ్మ పోలికను ఇక్కడిదాకా లాగకండి. ఆవిడ ఊరుకోదు.)

ఇప్పటికి పోగుపడిన జారుడు సుమారు 24 డిగ్రీలు. దాన్నే పంచాంగకర్తలు అయనాంశ అంటారు. నక్షత్రాల మధ్య సూర్యుడు రోజుకు సుమారు ఒక డిగ్రీ కదులుతాడు. డిసెంబరు 22 నుంచి జనవరి 14 దాకా వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి, ఆ తేడా ఎక్కడిదో తెలుస్తుంది. రెండు లెక్కలూ కలిసి ఉన్నది ఇప్పటికి సుమారు 1,700 ఏళ్ల కిందట. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. ఇప్పుడు 14నో 15నో వస్తోంది. 14కూ 15కూ మధ్య ఊగిసలాట మాత్రం ఈ జారుడు కాదు, అది లీపు సంవత్సరం వల్ల వచ్చేది. రెంటినీ కలిపేసి కంగారుపడేవాళ్లు చాలామంది.

మరి పెద్దలు ఇది గమనించలేదా? ఇక్కడే నాకు ఆశ్చర్యమేస్తుంది. వేదాంగ జ్యోతిషం అనే ప్రాచీన ఖగోళ గ్రంథం కాలానికి, ఉత్తరాయణం మొదలయ్యేటప్పుడు సూర్యుడు ధనిష్ఠ నక్షత్రం మొదట్లో ఉండేవాడు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడనే ఖగోళ పండితుడు బృహత్సంహిత అనే తన గ్రంథంలో, పూర్వ శాస్త్రాల్లో అలా ఉన్నా ఇప్పుడు ఉత్తరాయణం మకరం మొదట్లోనే వస్తోందని తేల్చి చెప్పాడు. చెప్పినదానికీ కనబడేదానికీ తేడా వస్తే స్వయంగా పరీక్షించి తెలుసుకోవాలన్నాడు. ఎలా పరీక్షించాలో కూడా చెప్పాడు: సూర్యుడు ఉదయించే, అస్తమించే చోటును దూరాన ఒక గుర్తుతో పట్టుకోవచ్చు, లేదా పెద్ద వృత్తం గీసి అందులోకి నీడ వచ్చే చోటు, పోయే చోటు గుర్తు పెట్టుకోవచ్చు. ధనిష్ఠ మొదలుకూ మకరం మొదలుకూ మధ్య దూరం 23 డిగ్రీల పైచిలుకు. అంటే తనకు ముందటి శాస్త్రం ఎంత జారిందని ఆయన చూశాడో, ఆయన చెప్పిన మకరం మొదలు నుంచి ఉత్తరాయణం ఈనాటికి దాదాపు అంతే జారింది. ఆయన దేవుణ్ని నమ్మినవాడే. అలాగని పాత శ్లోకం కోసం కళ్లు మూసుకోలేదు.

సంక్రాంతి నాడే సూర్యుడు ఉత్తరానికి మళ్లుతాడని సైన్సు ఒప్పుకుందంటూ ఫోన్లలో తిరిగే రాతలు ఆయన దగ్గరికి వెళ్తే ఒక కర్రా, గజం తాడూ చేతికిచ్చి ఎండలోకి పంపేవాడు. పండగే తప్పు కాబట్టి భక్తులంతా అమాయకులని నవ్వేవాళ్లకూ అదే మందు. స్నానం చేసి పెద్దలకు తర్పణం వదిలే మనిషి మకరరేఖ గురించి వాదించడం లేదు.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. క్రైస్తవులకు ఈస్టర్ తేదీ వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మీద ఆధారపడుతుంది. ఆ రోజును మార్చి 21గా పెట్టుకున్నారు. పాత క్యాలెండరులోని చిన్న పొరపాటు పెరిగి పెరిగి, పదహారో శతాబ్దానికి అది అసలు ఆకాశంలో మార్చి 11న వస్తోంది. అందుకని 1582లో పోప్ గ్రెగరీ పది రోజులు తీసేయించాడు. అక్టోబరు 4 మర్నాడు అక్టోబరు 15. భూమి తిరుగుతోందన్నందుకు 1633లో గెలీలియోను విచారించిన మతమే, 1655లో బొలోనా నగరంలోని పెద్ద చర్చిలో కాసినీ అనే ఖగోళ శాస్త్రవేత్తను కొలతలు కొలవనిచ్చింది. 27 మీటర్ల ఎత్తున ఒక రంధ్రం, నేల మీద 67 మీటర్ల గీత. మధ్యాహ్నం ఎండ చుక్క ఆ గీత మీద ఎక్కడ పడిందో చూసి రోజులు కొలిచేవారు. మతానికీ సైన్సుకీ ఎప్పుడూ యుద్ధమేనని ఎవరైనా అంటే ఆ చుక్కను గుర్తు చేయండి. ఎప్పుడూ స్నేహమేనంటే గెలీలియోను గుర్తు చేయండి.

మన దేశంలో 1952లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన ప్రభుత్వం క్యాలెండర్ సంస్కరణ సంఘాన్ని వేసింది. 1957 మార్చి 22 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ పంచాంగంలో ఏడాది రుతువుల లెక్కన నడుస్తుంది. ఇంట్లో దాన్ని చూసి పండగ చేసేవాళ్లు ఎవరూ కనబడరు, అది వేరే సంగతి.

ఇక మీ పని. వచ్చే నవంబరు 25కల్లా చదునైన డాబా మీద సరిగ్గా ఒక మీటరు ఎత్తున కర్ర నిలబెట్టండి. నిటారుగా ఉందో లేదో తాపీమేస్త్రి తూకంగుండుతో చూడండి. ఒక్క డిగ్రీ ఒరిగినా కొలతలో సెంటీమీటరున్నర పైనే తేడా వస్తుంది. నీడ కొస మసకగా ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకని కర్ర కొసన గట్టి అట్టముక్క బిగించి, దానికి పెన్సిలు దూరేంత రంధ్రం పెట్టండి. రంధ్రం నేలకు మీటరు ఎత్తున ఉండాలి. దాని కిందుగా నేల మీద ఉన్న చోటు నుంచి వెలుగు చుక్క మధ్యదాకా కొలవండి. సూర్యుణ్ని మాత్రం సూటిగా చూడకండి.

గడియారం పన్నెండు కొట్టగానే కొలిస్తే తప్పవుతుంది. నవంబరు చివరికీ సంక్రాంతికీ మధ్య అసలు మధ్యాహ్నం, అంటే సూర్యుడు అన్నిటికన్నా ఎత్తున ఉండే వేళ, ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుంది. పదకొండూ నలభై నుంచి పన్నెండూ నలభై దాకా అయిదేసి నిమిషాలకు గుర్తు పెట్టి, అన్నిట్లో పొట్టిదాన్ని రాసుకోండి. రాజమండ్రి అక్షాంశంలో డిసెంబరు 22న అది సుమారు 85 సెంటీమీటర్లు, జనవరి 14న సుమారు 79.

డిసెంబరు 22 ఏదో నేరుగా పట్టుకోబోతే దొరకదు. దానికి అటూ ఇటూ అయిదేసి రోజుల్లో నీడ మారేది మూడు మిల్లీమీటర్ల లోపే. పట్టుకునే దారి వేరే ఉంది. నవంబరు 28న వచ్చిన కొలత జనవరిలో మళ్లీ ఏ రోజున వస్తుందో కనిపెట్టండి. ఆ రెండు తేదీలకూ సరిగ్గా నడుమనున్న రోజే సూర్యుడు మళ్లిన రోజు. మబ్బు పట్టిన రోజు గడి ఖాళీగా వదిలేయండి, అంచనా వేసి నింపొద్దు. కొలతల కాగితం నాకు పంపేటప్పుడు బామ్మకు కూడా చూపించండి. భోగి నాటి కొలత ఆవిడ చేతే వేయిస్తే మరీ మంచిది.

మీ
తాతయ్య