మినీ ఎక్స్‌కవేటర్ టిల్టింగ్ క్యాబిన్: అపోహలు - వాస్తవాలు

పని బరువు 6 టన్నులు మించని ఎక్స్‌కవేటర్లను అంతర్జాతీయ ప్రమాణాలు కాంపాక్ట్ తరగతిలో చేర్చాయి. మన దగ్గర ఆపరేటర్లూ మెకానిక్‌లూ వీటిని మినీ అంటారు. ఇంత చిన్న బండిలో పై భాగాన్ని తిప్పే స్వింగ్ మోటార్, ఆయిల్‌ను ఒక్కో పనికి పంచే మెయిన్ కంట్రోల్ వాల్వ్, వాటి పైపులు చాలావరకు ఆపరేటర్ కాళ్ల కిందే ఇరుక్కుని ఉంటాయి. వాటిని చేరుకోవడానికే ఎన్నో మోడళ్లలో క్యాబిన్ వెనుక బోల్టులు విప్పి, దాన్ని పిన్నుల మీద ముందుకో పక్కకో వంచే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు మొరాయించినప్పుడు సైట్ల మీద వినిపించే మాటల్లో కొన్ని పనిని ఆలస్యం చేస్తాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. మరమ్మతు పనిలో ఉన్నవాడిగా నేను తరచుగా ఎదుర్కొనే మాటలనే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: గ్యాస్ షాకులు (క్యాబిన్‌ను ఎత్తడానికి సాయపడే, గ్యాస్ నింపిన గొట్టాలు) గట్టిగా ఉంటే, లేచిన క్యాబిన్ తనంతట తానే నిలబడుతుంది.

వాస్తవం: ఎత్తడం వేరు, నిలబెట్టడం వేరు. గ్యాస్ షాకు గానీ, చేతి పంపుతో నడిచే హైడ్రాలిక్ సిలిండర్ గానీ క్యాబిన్ బరువును పైకి తీసుకుపోవడానికి సాయపడుతుంది. పైన ఉన్న క్యాబిన్‌ను పట్టి ఉంచవలసింది ఇనుప ఊతకడ్డీ, దాని లాక్ పిన్ను మాత్రమే. వంచిన క్యాబిన్‌ను ఆపే ఇటువంటి పరికరాలకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) నుంచి ఐఎస్ఓ 13333 పేరుతో ప్రత్యేక ప్రమాణమే ఉందంటే, తయారీదారులు ఈ విషయాన్ని ఎంత ముఖ్యంగా చూస్తారో గ్రహించవచ్చు. షాకు సీలు తెగడానికి, హైడ్రాలిక్ పైపు పగలడానికి ముందస్తు హెచ్చరిక ఏదీ ఉండదు. కడ్డీ తన గాడిలో పూర్తిగా కూర్చుని, పిన్ను అవతలి వైపుకు వచ్చినట్టు కంటితో చూసే వరకు తలను గానీ చేతిని గానీ క్యాబిన్ కిందికి పోనివ్వకూడదు. కడ్డీ వంగినా, పిన్ను పోయి దాని స్థానంలో ఎవరో మేకు దూర్చి ఉంచినా, ఆ రోజుకు క్యాబిన్ వంచే పని మానుకోవడమే సరైనదని నా నిశ్చితమైన అభిప్రాయం.

అపోహ: క్యాబిన్ లేవకపోతే కింద జాకీ పెట్టి నెట్టాలి, లేదా చైన్ బ్లాక్‌తో (గొలుసు కప్పీతో) లాగాలి.

వాస్తవం: లేవని క్యాబిన్‌ను చాలా సందర్భాల్లో ఏదో ఒకటి పట్టి ఉంచుతుంది, బలం పెంచితే తెగేది అదే. వెనుక బోల్టుల్లో ఒకటి మ్యాట్ కింద మట్టిలో కూరుకుపోయి కనబడకుండా ఉండవచ్చు. ఏసీ లేదా హీటర్ పైపు, వైపర్ నీళ్ల గొట్టం, ఎవరో తర్వాత అమర్చిన లైట్ల వైరు, జాయ్‌స్టిక్‌ల నుంచి కంట్రోల్ వాల్వ్‌కు కిందికి దిగే సన్నని పైలట్ పైపులు, వీటిలో దేనికైనా క్యాబిన్‌తో పాటు కదిలేంత వదులు లేకపోవచ్చు. ఏళ్ల తరబడి విప్పని బండిలో రబ్బరు మౌంటింగ్ ఇనుముకు అతుక్కుపోయి ఉంటుంది. అప్పుడు సన్నని ఇనుప పట్టీతో అంచు చుట్టూ మెల్లగా విడదీస్తే చాలు. క్యాబిన్ నాలుగు అంగుళాలు లేవగానే ఆపి, టార్చి వేసి, కింద బిగిసిన తీగ ఏదైనా ఉందేమో చూసిన తర్వాతే మిగతా ఎత్తుకు పోవాలి. ఒక వైపు లేచి మరో వైపు ఆగితే క్యాబిన్ తిరిగే పిన్ను దాని బుష్‌లో (పిన్ను తిరిగే గొట్టంలో) తుప్పుపట్టి బిగుసుకుందనో, రెండు షాకుల్లో ఒకటి నీరసించిందనో అనుమానించాలి. అటువంటప్పుడు జాకీ పెడితే క్యాబిన్ ఫ్రేము మెలిపడి, తర్వాత తలుపు సరిగ్గా మూసుకోదు.

ఇక బండిని నిలిపిన తీరు కూడా చూడాలి. నేల సమతలంగా ఉండాలి, బకెట్, మట్టి నెట్టే బ్లేడు నేల మీద ఆనాలి, ముందుకు వంగే క్యాబిన్‌కు బూమ్ (బకెట్‌ను మోసే పెద్ద చేయి) అడ్డు రాకూడదు, పైన కరెంటు తీగ గానీ షెడ్డు దూలం గానీ ఉండకూడదు. ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, బండి పుస్తకంలో చెప్పిన వరుసలో హైడ్రాలిక్ ఒత్తిడిని వదిలించాలి. వాలు మీద నిలిపిన బండిలో క్యాబిన్ బరువు, అది తిరిగే పిన్నుల గీత దాటి ఒక్కసారిగా అవతలి వైపుకు పడే అవకాశం ఉంది.

అపోహ: ఉదయం క్యాబిన్ బరువుగా లేచిందంటే షాకుల్లో గ్యాస్ అయిపోయినట్టే.

వాస్తవం: షాకులో ఉండేది నైట్రోజన్. చల్లబడితే దాని ఒత్తిడి తగ్గుతుంది. మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో చూపిన బలంలో, 10 డిగ్రీల తెల్లవారుజామున సుమారు పదో వంతు తగ్గిపోతుంది. ఆదిలాబాద్ వైపు చలికాలంలో ఈ తేడా చేతికి బాగా తెలుస్తుంది. ఎండ ఎక్కిన తర్వాత కూడా అంతే బరువుగా ఉంటేనే షాకులు మార్చాలి, మార్చినప్పుడు రెండింటినీ కలిపే మార్చాలి. రాడ్డు మీద వెల్డింగ్ రవ్వ పడి గట్టిగా అంటుకున్నా, రంగు చినుకులు ఎండినా, పట్టకారు పళ్ల గుర్తులు పడినా సీలు త్వరగా చిరుగుతుంది. పాత షాకును వేడి చేయడం, రంధ్రం వేయడం ఎవరూ చేయకూడదు.

అపోహ: చేతి పంపు ఉన్న బండిలో క్యాబిన్ మెల్లగా దిగిపోతుంటే చిక్కని ఆయిల్ పోస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. పంపులో ఆయిల్‌ను వెనక్కి పోనివ్వని చెక్ వాల్వ్‌లో నలుసు ఇరుక్కోవడం, విడుదల చేసే స్క్రూ పూర్తిగా బిగియకపోవడం, సిలిండర్ సీలు అరగడం దీనికి మామూలు కారణాలు. చిక్కని ఆయిల్ లోపాన్ని కొన్నాళ్లు కప్పి ఉంచుతుంది, అంతే. పంపు కొడుతుంటే మెత్తగా, స్పాంజిలా తగిలితే మాత్రం ఆయిల్ తక్కువై గాలి చేరిందని అర్థం.

అపోహ: క్యాబిన్ దించిన తర్వాత లివర్లు పనిచేయకపోతే హైడ్రాలిక్ పంపు పోయినట్టు.

వాస్తవం: “అన్నా, ఇంజన్ స్టార్ట్ అవుతోంది గానీ బూమ్ కదలడం లేదు” అని ఫోను వస్తే నేను మొదట అడిగేది సేఫ్టీ లాక్ లివర్ (కంట్రోల్ లివర్లు పనిచేయకుండా ఆపే లివర్) గురించే. ఆ లివర్ కింద ఒక స్విచ్చు, దాని నుంచి పైలట్ సొలెనాయిడ్‌కు (పైలట్ పైపులకు ఆయిల్ వదిలే కరెంటు వాల్వ్‌కు) పోయే వైరు ఉంటాయి. క్యాబిన్ వంచినప్పుడు ఆ వైరు లాగబడి కనెక్టర్ సగం ఊడితే, బండి స్టార్ట్ అయినా లివర్లకు పలకదు. అరగంటలో తేలే ఈ లోపానికి పంపు విప్పించుకున్న యజమానులు ఉన్నారు. ఆ ఖర్చు పూర్తిగా వృథా.

అపోహ: వెనుక బోల్టులు ఏ హార్డ్‌వేర్ షాపులో దొరికినవైనా పర్వాలేదు.

వాస్తవం: మినీ పక్కకు దొర్లినప్పుడు ఆపరేటర్ నలిగిపోకుండా కాపాడే చట్రానికి ఐఎస్ఓ 12117లో బల పరీక్షలు నిర్ణయించారు. ఆ చట్రం ఎంత గట్టిదైనా, దాన్ని బండి ఫ్రేముకు పట్టి ఉంచే పిన్నులు, మౌంటింగులు, బోల్టులు బలహీనమైతే ఆ రక్షణ మాటల్లోనే మిగులుతుంది. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. విప్పినప్పుడు ఏ అంకె ఉందో అదే గ్రేడు, అదే పొడవు తిరిగి వేయాలి, కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి. మౌంటింగ్ పక్కన ఎర్రని తుప్పు పొడి రాలుతుంటే, వాషర్ చుట్టూ ఇనుము గీతలా మెరుస్తుంటే, అక్కడ బిగింపు వదులై రెండు ఇనుములు ఒరుసుకుంటున్నాయని అర్థం. గుంతల్లో క్యాబిన్ గలగలమనడానికి ముందే ఈ గుర్తులు కనిపిస్తాయి. క్యాబిన్ దించిన వారం లోపు ఆ బోల్టులను మరోసారి టార్క్ రెంచ్‌తో పరీక్షించమని నేను ప్రతి యజమానికీ రాసి ఇస్తాను.