ఆటో ఇంక్రిమెంట్ నంబర్లలో ఖాళీలు: వాటి వెనుక చరిత్ర

డేటాబేస్ టేబుల్‌లో ప్రతి కొత్త రికార్డుకు తనంతట తానే వరుస నంబరు ఇచ్చే ఏర్పాటు ఆటో ఇంక్రిమెంట్. ఆ నంబర్లలో 41 తర్వాత 43 కనిపిస్తే ఎవరో రికార్డు తీసేశారన్న అనుమానం వస్తుంది. చాలాసార్లు ఎవరూ ఏదీ తీసేసి ఉండరు.

ఆటో ఇంక్రిమెంట్ లేనిచోట ప్రోగ్రామే టేబుల్‌లోని పెద్ద నంబరు చూసి ఒకటి కలిపేది. ఇద్దరు ఒకేసారి చూస్తే ఇద్దరికీ అదే నంబరు, ఒకరికి డూప్లికేట్ కీ ఎర్రర్. విడిగా కౌంటర్ టేబుల్ పెట్టి లాక్ వేస్తే ఆ బాధ తీరింది గానీ, ముందున్న ట్రాన్సాక్షన్ (ఒకటిగా జరగాల్సిన మార్పుల గుంపు) కమిట్ అయ్యేదాకా, అంటే ఖాయమయ్యేదాకా, మిగతావి ఆగిపోయేవి. అందుకే నంబరు ఇచ్చే పనిని ట్రాన్సాక్షన్ నుంచి విడదీశారు. ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయినా, అంటే రద్దయినా, ఇచ్చిన నంబరు వెనక్కి రాదు. ఖాళీలు అక్కడ పుడతాయి.

డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌కు 1992లో వచ్చిన ఎస్‌క్యూఎల్-92 ప్రమాణంలో ఆటో ఇంక్రిమెంట్ ఊసే లేదు. అందుకే ఒక్కో డేటాబేస్ తన సొంత పద్ధతి పెట్టుకుంది: ఒరాకిల్ సీక్వెన్స్ (నంబర్లు ఇచ్చే విడి కౌంటర్) ఇచ్చింది, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఐడెంటిటీ, మైఎస్‌క్యూఎల్ ఆటో ఇంక్రిమెంట్, పోస్ట్‌గ్రెస్ సీరియల్. ప్రమాణంలోకి ఐడెంటిటీ కాలమ్ 2003లో వచ్చింది. ఒరాకిల్ 12సీ దాన్ని 2013లో, పోస్ట్‌గ్రెస్ 10 2017లో అందుకున్నాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మైఎస్‌క్యూఎల్ పాత పద్ధతి. 8.0కి ముందు, అందులో డేటా నిల్వచేసే భాగమైన ఇన్నోడీబీ కౌంటర్‌ను మెమరీలోనే ఉంచేది. సర్వర్ రీస్టార్ట్ అయితే టేబుల్‌లో మిగిలిన పెద్ద నంబరు నుంచి మళ్లీ లెక్క మొదలు. చివరి రికార్డు 900ను తీసేసి రీస్టార్ట్ చేస్తే, కొత్త రికార్డుకు మళ్లీ 900 రావచ్చు. ఆర్కైవ్‌లోనో లాగ్‌లోనో ఉన్న పాత 900 ఇప్పుడు వేరే మనిషి వివరాలకు అతుక్కుంటుంది, ఎర్రర్ మాత్రం రాదు. ఖాళీ కన్నా ఇది ఎన్నో రెట్లు చెడ్డది. 8.0 నుంచి కౌంటర్‌ను రీడూ లాగ్‌లో (మార్పులను డిస్క్ మీద నమోదు చేసే ఫైల్‌లో) రాస్తున్నారు.

పోస్ట్‌గ్రెస్‌లో ఇబ్బంది వేరు. పాత డేటాను ఐడీ నంబర్లతో సహా లోడ్ చేస్తే సీక్వెన్స్ కదలదు. తర్వాతి ఇన్సర్ట్‌కు (కొత్త రికార్డు చేర్చడానికి) డూప్లికేట్ ఎర్రర్ వస్తుంది. లోడ్ అయిన వెంటనే సెట్‌వాల్ ఫంక్షన్‌తో సీక్వెన్స్‌ను టేబుల్‌లోని పెద్ద ఐడీకి చేర్చాలి. కొత్త టేబుళ్లకు 'జెనరేటెడ్ ఆల్వేస్ యాజ్ ఐడెంటిటీ' మంచిది: మామూలు ఇన్సర్ట్‌లో ఎవరైనా ఐడీ చేత్తో రాస్తే ఒప్పుకోదు.

కాలమ్ రకం మొదటిరోజే బిగ్ఇంట్ (ఎనిమిది బైట్ల పూర్ణాంకం) పెట్టాలి. సీరియల్ నాలుగు బైట్లది, 2,14,74,83,647తో ఆగిపోతుంది. 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్'తో, అంటే డూప్లికేట్ అయితే ఏమీ చేయవద్దని చెప్పి, వదిలేసిన ఇన్సర్ట్ కూడా ఒక నంబరు తినేస్తుంది కాబట్టి తక్కువ రికార్డులున్న టేబుల్ కూడా ఆ హద్దుకు చేరగలదు. అప్పుడు రకం మారిస్తే పోస్ట్‌గ్రెస్ టేబుల్ మొత్తాన్ని లాక్ చేసి తిరగరాస్తుంది, ఫారిన్ కీ కాలమ్‌లనూ (వేరే టేబుళ్లలో ఈ ఐడీని సూచించే కాలమ్‌లను) విడివిడిగా మార్చాలి.