పొట్టలో దాచిన పుర్రె ముక్క

మా మేనమామ కొడుకు పొట్ట మీద కుడివైపు జానెడు గాటు ఉంటుంది. చూసినవాళ్లంతా అపెండిక్స్ ఆపరేషనా అని అడుగుతారు. ఆ గాటు కింద కొన్ని నెలల పాటు ఉన్నది వాడి తల ఎముక. గాజువాక దగ్గర హైవే మీద బండి జారి పడ్డాడు. హెల్మెట్ ట్యాంకు మీద ఉంది. లోపల మెదడు వాచిపోతుంటే డాక్టర్లు రాత్రికి రాత్రి పుర్రెలోంచి అరచేయంత ముక్క కోసి తీసి ప్రాణం నిలబెట్టారు. "తల ఎముకని పొట్టలో పెట్టడమేటి బాబూ" అని మా అత్త అప్పట్లో కనపడిన ప్రతి నర్సునీ అడిగేది.

ఆమె అడిగినదానికి జవాబు ఉంది. దెబ్బ తగిలినా, పెద్ద పక్షవాతం వచ్చినా మెదడు వాస్తుంది. పుర్రె గట్టి పెట్టె, సాగదు. ఒత్తిడి పెరిగితే నెత్తురు పైకెక్కదు, ఊపిరి నడిపించే భాగం నలిగిపోతుంది. అందుకని మూత తీసి మెదడుకి చోటిస్తారు. దీన్నే డీకంప్రెసివ్ క్రానియెక్టమీ అంటారు. వాపు తగ్గాక ఆ మూత మళ్లీ పెట్టడం క్రానియోప్లాస్టీ. ఈలోగా ఆ ఎముకను ఎక్కడ ఉంచాలి? మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉంటే అందులో ఉంచుతారు. లేదంటే రోగి పొట్ట చర్మం కిందే పెడతారు. 1920 నాటికే వైద్యులు రాసిపెట్టిన పద్ధతి ఇది. కరెంటు పోతుందన్న టెన్షన్ లేదు, ఒకరిది ఇంకొకరిదై పోయే భయం లేదు, రోగి ఏ ఊరెళ్లినా ఎముక వెంటే ఉంటుంది. మన ఆసుపత్రులకు ఇంత సరిపోయే పద్ధతి ఇంకోటి నాకు కనపడదు. కాకపోతే ఎక్కువ కాలం ఉంచితే అంచులు కరిగిపోవచ్చు.

పుర్రె తెరవడం మనుషులకు ఎప్పటినుంచో తెలుసు. కశ్మీరులోని బుర్జహోమ్ తవ్వకాల్లో రంధ్రాలు పెట్టిన పుర్రె దొరికింది, నాలుగు వేల ఏళ్ల నాటిది. విశాఖ దగ్గరి తొట్లకొండ, బావికొండ మీద బౌద్ధ విహారాలు కట్టినవారు వినే ఉంటారు, బుద్ధుడి కాలపు వైద్యుడు జీవకుడి కథ. రాజగృహంలో ఒక శ్రేష్ఠి తల తెరిచి, లోపలి పురుగులు తీసి, పుర్రె అతుకు మూసి, చర్మం కుట్టి, లేపనం పూశాడని పాళీ వినయ గ్రంథం చెబుతుంది. అతుకు మూయడం మరిచిపోలేదన్న మాట నాకు ప్రత్యేకంగా అనిపిస్తుంది. తెరవడం ఎంత పనో మూయడమూ అంతే పని.

ఎముకే పోయినప్పుడు ఏం పెట్టాలన్నది తర్వాతి చిక్కు. 16వ శతాబ్దంలో ఇటలీ వైద్యుడు ఫాలోపియస్ బంగారు రేకు గురించి రాశాడు. 1668లో డచ్ వైద్యుడు వాన్ మీకెరన్ రాసినది ఇంకా చిత్రమైనది. ఒక రష్యన్ కులీనుడి తలకు కుక్క పుర్రె ముక్క అతికించారు. గాయం మానింది కానీ చర్చి అతణ్ణి వెలివేసింది. ముక్క తీసేయమని ఆయన వేడుకుంటే, అప్పటికే అది అతుక్కుపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన సైనికులు వేలల్లో వచ్చారు. టాంటలమ్ లోహం, పళ్ల డాక్టర్లు వాడే యాక్రిలిక్ అప్పుడే బాగా వాడుకలోకి వచ్చాయి. యాక్రిలిక్ ఇప్పటికీ చవకైన దారి. పొడీ ద్రవమూ కలిపితే పిండిముద్దలా అవుతుంది, గుంటకు తగ్గట్టు ఒత్తాలి. గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి పైన సెలైన్ పోస్తూ ఉంటారు. 1960లలో టైటానియం వచ్చింది. ఇప్పుడైతే సీటీ స్కాన్‌లో మంచి వైపును అద్దంలో చూసినట్టు తిప్పి, దాని కొలతకు ప్లేటు తయారు చేస్తున్నారు.

మన దగ్గర మెదడు సర్జరీ మొదలై ఎంతో కాలం కాలేదు. 1949లో వెల్లూరులో జాకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి మొదలుపెట్టారు. విశాఖ మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), పక్కనే మెడికల్ కాలేజీ 1923 నాటివి. శ్రీకాకుళం, పాడేరు, అరకు, అటు కోరాపుట్, మల్కనగిరి వాళ్లకు తలకు దెబ్బ తగిలితే చాలామందికి దారి మహారాణిపేటకే.

మూత తీసే ఆపరేషన్ ఎంతమందిని నిలబెడుతుందో లెక్కలున్నాయి. పెద్ద పక్షవాతంలో 48 గంటల్లోపు చేస్తే 78 శాతం మంది బతికారు, చేయనివారిలో 29 శాతమే. 2007లో మూడు యూరప్ పరిశోధనలు కలిపి తేల్చిన సంగతి ఇది. తల దెబ్బల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో మరణాలు 48.9 నుంచి 26.9 శాతానికి తగ్గాయి. అయితే బతికినవారిలో తెలివి రానివారూ పెరిగారు, అది దాచకూడదు. ఏదేమైనా, తలలో గుంటతో ఇంటికెళ్లేవారు ఎక్కువయ్యారు.

ఆ గుంటను నేను దగ్గర్నుంచి చూశాను. మావాడు చెప్పులు తొడుక్కోవడానికి వంగితే చర్మం ఉబ్బేది, లేచి కూర్చుంటే లోపలికి దిగేది. నాడి కొట్టినట్టు కదిలేది. బయటికొస్తే తువ్వాలు చుట్టుకునేవాడు. తలనొప్పి, తల తిరగడం, సాయంత్రానికి ఎడమ చెయ్యి బరువెక్కడం. డిశ్చార్జి కాగితంలో మాత్రం "క్రానియోప్లాస్టీ తర్వాత చేయాలి" అని ఒకటే ముక్క, తేదీ లేదు. అడిగితే అందం కోసమే కదా, తొందరేముంది అన్నారు.

అందం కోసమే కాదు. 1939లోనే గ్రాంట్, నార్‌క్రాస్ ఈ బాధలన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టారు. 1977లో జపాన్ వైద్యులు లోపలికి దిగిపోయే చర్మాన్ని ప్రత్యేకంగా వర్ణించారు. బయటి గాలి ఒత్తిడి నేరుగా మెదడు మీద పడి, నెత్తురు, మెదడు నీరు సరిగా ఆడవు. ఎముక పెట్టాక కొందరికి చెయ్యి, మాట మెరుగవుతాయి. మావాడికి చెయ్యి తేలికైంది, నాలుగో రోజున గ్లాసు తనే పట్టుకున్నాడు.

వాపు తగ్గి, ఇన్‌ఫెక్షన్ లేదనుకున్నాక సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో పెడతారు. కూలి పోతుందని, ఛార్జీలు లేవని, ఇంకోసారి తల తెరిపించుకోవాలంటే భయమని చాలామంది తిరిగి రారు. అందుకే మొదటి డిశ్చార్జి రోజే రెండో ఆపరేషన్ తేదీ రాసివ్వాలి, ఎముక పొట్టలో ఉందో ఫ్రీజర్‌లో ఉందో కూడా అదే కాగితంలో ఉండాలి. పెదగంట్యాడలో వైద్య పరికరాల కోసమే కట్టిన మెడ్‌టెక్ జోన్ ఉంది. అక్కడినుంచి మహారాణిపేట గంట ప్రయాణం. ఎముక పాడైన పేద రోగికి కొలతకు చేసిన ప్లేటు ఆ గంట దూరం దాటి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.