చలికొండల రాళ్ళమట్టి: నీళ్ళు నిలవకపోవడమే దాని బలం

కేదార్‌నాథ్ యాత్రకో మనాలికో పోయొచ్చిన మన వరంగల్ వాళ్ళను అడిగి చూడండి. మంచు గురించి చెప్తారు, చలి గురించి చెప్తారు, లోయ అంచున బస్సు మలుపు తిరిగినప్పుడు పడ్డ టెన్షన్ గురించి చెప్తారు. కాళ్ళ కింది నేల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. మనం అడిగినా "అక్కడ మట్టెక్కడిది, అన్నీ రాళ్ళే" అని తేల్చేస్తారు. నిజమే, రాళ్ళే. కానీ ఆ రాళ్ళ మధ్య నుంచే దేవదారు చెట్లు లేస్తాయి, ఆ వాలు మీదే ఆపిల్ తోటలు కాస్తాయి, చెట్లు కూడా బతకలేని ఎత్తులో, అరచేతి మందం మట్టి కూడా లేని చోట, ఎండాకాలం రెండు నెలలు పూలు విరగబూస్తాయి. రాళ్ళెక్కువ, మట్టి తక్కువ, పోసిన నీళ్ళు పోసినట్టే దిగిపోతాయి, అలాంటి నేలను మన దగ్గర రైతు చూస్తే పెదవి విరుస్తాడు. చలికొండ మీద మాత్రం ఆ నీళ్ళు దిగిపోయే గుణమే మొక్కల ప్రాణం కాపాడుతోంది.

ముందు రాయి సంగతి చూద్దాం. హనుమకొండ పద్మాక్షి గుట్ట, ఖిలా వరంగల్‌లోని ఏకశిల గుట్ట, ఊరి చుట్టూ కనిపించే బండలు చాలావరకు గ్రానైట్ జాతివే, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. లడఖ్‌లో లేహ్ పట్నం వెనక కనిపించే కొండలు కూడా గ్రానైటే, కాకపోతే మన రాయితో పోలిస్తే పసిది, ఐదారు కోట్ల ఏళ్ళది. రెండు చోట్లా రాయిలో ఉండే ఖనిజాలు ఇంచుమించు ఒకటే: పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కాకిబంగారం అని మనం పిలుచుకునే అభ్రకం. అయినా అక్కడి మట్టికీ ఇక్కడి మట్టికీ పోలికే ఉండదు.

ఎందుకో తెలియాలంటే మన దగ్గర రోడ్డు పనికి తవ్విన గోడను ఒకసారి నిలబడి చూడాలి. పైన జానెడో మూరెడో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా కిందికి పోతే గట్టి బండ. ఆ మొరం ఒకప్పుడు బండే. ఇప్పుడు చేతిలోకి తీసుకుని నలిపితే పొడి పొడిగా రాలిపోతుంది. వాన నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి కొంచెం పుల్లటి నీరవుతుంది, ఆ నీరు వేల ఏళ్ళు రాతి సందుల్లో ఇంకుతూ ఉంటే ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టిగా మారిపోతుంది, అభ్రకంలోని ఇనుము తుప్పు పట్టి నేలకు ఆ ఎర్రదనం ఇస్తుంది, ఏ రసాయనానికీ లొంగని పలుగురాయి మాత్రం ఇసుకగా మిగులుతుంది. మన చల్క భూముల పుట్టుక ఇదే. ఈ రసాయన పనికి వేడీ కావాలి, నీళ్ళూ కావాలి. మనకు రెండూ ఉన్నాయి, ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన, పైన ఈ ఎండలు.

లేహ్‌లో ఏడాదంతా కలిపి పడేది వంద మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఊరు సముద్ర మట్టానికి 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి కిలోమీటరు ఎత్తుకూ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి అక్కడ రసాయన చర్యలు నత్తనడక నడుస్తాయి. ఆ పనిని మంచు అందుకుంటుంది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుందనీ, రాతి పగుళ్ళలో అలా ఉబ్బి రాయిని చీలుస్తుందనీ బడిలో చదువుకున్నాం. అది కొంతవరకే నిజం. సున్నా కంటే కొన్ని డిగ్రీలు దిగువన, సుమారు మైనస్ మూడు నుంచి మైనస్ ఎనిమిది డిగ్రీల మధ్య, రాతిలోని సన్నని రంధ్రాల్లో ఇంకా గడ్డకట్టని నీటిని అప్పటికే ఏర్పడిన మంచు పొర తనవైపు లాక్కుంటుంది, అలా లాక్కుంటూ మందమై పగులును పెద్దది చేస్తుంది. రాయి ఎక్కువగా పగిలేది ఈ పద్ధతిలోనే. అంటే రాయిని చీల్చడానికి ఒక రాత్రి గట్టి చలి చాలదు, ఆ మధ్యస్థమైన చలి చాలా రోజులు ఉండాలి, పక్కన తడీ ఉండాలి.

ఇలా పగిలిన రాయి పదునైన అంచులతో ముక్కలవుతుంది, ఇంకా చిన్న ముక్కలవుతుంది, ఇసుకా అవుతుంది. బంకమట్టి మాత్రం పెద్దగా తయారవదు, ఎందుకంటే అది పగిలితే వచ్చేది కాదు, ఖనిజమే మారితే వచ్చేది. చలికొండ మట్టి గుణాలన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

వాలు కూడా తన పని తను చేస్తుంది. రాలిన రాళ్ళు కొండ పాదాన కుప్పపడి సుమారు 35 డిగ్రీల వాలులో నిలుస్తాయి, అంతకన్నా నిటారుగా నిలబడలేవు. దొర్లేటప్పుడు పెద్ద రాళ్ళు వేగం మీద కిందిదాకా పోతాయి, చిన్నవి పైనే ఆగిపోతాయి. అందుకే అలాంటి కుప్ప పైభాగంలో సన్న మట్టి కాస్త దొరుకుతుంది, అడుగున బండరాళ్ళ మధ్య మనిషి దూరేంత సందులుంటాయి. శీతాకాలంలో ఆ సందుల్లోకి బరువైన చల్లగాలి చేరి అడుగున నిలిచిపోతుంది, కొన్ని చోట్ల ఎండాకాలంలో కూడా ఆ కుప్పల కింద మంచు కరగదు.

ఇక నీళ్ళ దగ్గరికి వద్దాం. మట్టిలో రెండు రకాల ఖాళీలుంటాయి. పెద్ద ఖాళీల్లో నీరు నిలవదు, బరువుకు అదే కిందికి దిగిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ఆ జాగాను గాలి తీసుకుంటుంది. సన్న ఖాళీల్లో నీరు అంటుకుని ఉంటుంది, వేర్లు తాగేది దాన్నే. రేగడిలో దాదాపు అన్నీ సన్న ఖాళీలే, రాళ్ళ నేలలో పెద్దవే ఎక్కువ. వేరుకు కూడా ఊపిరి కావాలి, ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో కదిలే వేగం దాదాపు పదివేల రెట్లు తక్కువ. మిరప తోటలో రెండు మూడు రోజులు వాన నీరు నిలిస్తే చెట్లు ఎలా వడలిపోతాయో వరంగల్, ములుగు వైపు రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. చుట్టూ నీళ్ళున్నా చెట్టు వడలిపోతుంది, వేరు ఊపిరాడక పనిచేయడం మానేసింది కాబట్టి.

ఇప్పుడు అదే కథను కొండ మీదికి తీసుకుపొండి. ఆరు నెలలు పేరుకున్న మంచు కొన్ని వారాల్లో కరుగుతుంది. ఆ నీరంతా పడేది మొక్క అప్పుడే నిద్ర లేస్తున్న సమయంలో. నేల బంకమట్టిదైతే వేర్లు చల్లని బురదలో వారాల తరబడి మునిగి ఉండాలి, కుళ్ళు తెగులు పట్టుకోవాలి. రాళ్ళ నేలలో ఆ నీరు వచ్చినట్టే పోతుంది. చలికొండ మొక్కల్లో చాలావాటిని కింద పెంచాలని చూసినవాళ్ళు వాటిని పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. చలికి తట్టుకునే మొక్క కదా అనుకుంటారు, అది చలికైతే తట్టుకుంటుంది, చలిలో తడికి తట్టుకోలేదు.

ఇంకో ప్రమాదం నేల ఉబ్బడం. చలిదేశాల్లో శీతాకాలం రోడ్లు ఉబ్బి పగులుతాయి, మొలకలు వేళ్ళతో సహా పైకి లేచి బయట పడతాయి. నీరు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టే ఇలా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. 1930 ప్రాంతంలో స్టీఫెన్ టేబర్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త మట్టిని నీటికి బదులు బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది! ఇంత చిన్న ప్రయోగం అంతకాలంగా ఉన్న నమ్మకాన్ని తలకిందులు చేయడం నాకు చాలా నచ్చుతుంది. నేలను లేపేది అక్కడున్న నీరు ఉబ్బడం కాదు, కింది నుంచి సన్న ఖాళీల గుండా కొత్త నీరు ఎక్కివచ్చి మంచు పొరలుగా పేరుకోవడం. రాతిని చీల్చే పద్ధతే ఇక్కడ నేలను లేపుతోంది. అలా నీరు పైకి ఎక్కాలంటే సన్నని ఒండ్రులాంటి మట్టి కావాలి. కంకర నేలలో పెద్ద ఖాళీల గుండా నీరు పైకి ఎక్కలేదు, కాబట్టి నేల పెద్దగా లేవదు, వేర్లు తెగవు. చలి ప్రాంతాల్లో రోడ్డు కింద మందంగా కంకర పరిచేది కూడా ఇందుకే.

వేడి విషయంలోనూ రాళ్ళ నేలకు లాభముంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 జూళ్ళ శక్తి కావాలి, అదే బరువు రాతికి 0.8 చాలు. నీళ్ళతో నిండిన నేల తడిసిన బొంతలాంటిది, ఎంత ఎండ తగిలినా ముందు ఆ తడికే పోతుంది. నీరు దిగిపోయిన రాళ్ళ నేల వసంతం రాగానే వేడెక్కుతుంది. పెరగడానికి రెండు మూడు నెలలే ఉన్న మొక్కకు పదిరోజులు ముందు వేర్లు కదలడమంటే చిన్న విషయం కాదు. దక్షిణం వైపు తిరిగిన వాలుకు ఎండ నేరుగా తగులుతుంది కాబట్టి అక్కడ ఇంకా తొందరగా మేలుకుంటాయి. ఉత్తరపు వాలు మీద మంచు ఎక్కువకాలం ఉంటుంది, కానీ ఆ మంచు దుప్పటి కింద నేల సున్నా దగ్గరే ఆగి, బయటి గట్టి చలి నుంచి వేర్లను కాపాడుతుంది.

మరి నష్టం లేదా? ఉంది, పెద్దదే. నేలలో సగం రాళ్ళే ఉంటే నీరు పట్టే మట్టి సగమే, నీరూ సగమే. పోషకాలను పట్టి ఉంచే బంకమట్టి తక్కువ కాబట్టి కరిగినవన్నీ నీళ్ళతో పాటే పోతాయి. వానలెక్కువ పడే వాలులో, ముఖ్యంగా దేవదారు, పైన్ లాంటి చెట్ల కింద, మట్టి పుల్లబడుతుంది. లడఖ్‌లాంటి ఎండు కొండల్లో కడిగేంత వాన లేక సున్నం, ఉప్పులు అక్కడే ఉండిపోతాయి, మట్టి క్షారంగా ఉంటుంది. కాబట్టి రాళ్ళ నేల అనగానే అంతా ఒకటే అనుకోకూడదు, నీరు దిగే గుణం ఒకటే కావచ్చు గానీ రసాయనం ఊరూరికీ మారుతుంది.

మొక్కలు దీనికి తగ్గట్టే ఉంటాయి. పైన రెండంగుళాల దిండులా గుబురుగా, నేలకు అతుక్కుని కనిపిస్తాయి, కింద వేరు మాత్రం రాళ్ళ సందులు వెతుక్కుంటూ చాలా లోతుకు పోతుంది. రాయి కిందికి ఎండ తగలదు, ఆవిరి పోదు, అందుకే ఎండుకొండ మీద కూడా రాయి ఎత్తి చూస్తే చాలాసార్లు తడి ఉంటుంది, వేర్లు అక్కడికే చేరతాయి. లడఖ్, స్పితి నదుల పక్కన గులకరాళ్ళలో పెరిగే సీబక్‌థార్న్ పొద ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని వేర్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, మన పెసర, కంది వేర్లలో వేరే బ్యాక్టీరియా చేసే పనే ఇది.

ఆపిల్ సంగతీ చెప్పుకోవాలి. హిమాచల్ కోట్‌గఢ్ ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ 1916 ప్రాంతంలో అమెరికా నుంచి తెచ్చిన ఆపిల్ మొక్కలతో మొదలైన తోటలు కొండవాలు మీదే విస్తరించాయి. వాలులో నీరు దిగిపోతుంది, రాత్రి చల్లగాలి కూడా కిందికి జారిపోతుంది, పూత మీద మంచు దెబ్బ తగ్గుతుంది. నీరు నిలిచే నేలలో ఆపిల్‌కు మొదలు కుళ్ళు తెగులు వస్తుంది. మన ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో 2020లో ఆపిల్ కాసిందని తెలిసినప్పుడు అందరూ చలి గురించే మాట్లాడుకున్నారు, ఆదిలాబాద్ వైపు చలి ఎక్కువ కదా అని. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు వచ్చాయి, అది నిజమే. కానీ ఆ వార్త చూసి ఎవరైనా రేగడిలో ఆపిల్ పెడదామనుకుంటే, ముందు వానాకాలంలో గుంత తీసి అందులో నీరు ఎంతసేపు నిలుస్తుందో చూడమని చెప్తాను. చలి లెక్క ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఈ వాలు నేలలను కదిలిస్తే మాత్రం ఊరుకోవు. తన కోణంలో తను నిలబడ్డ రాళ్ళ కుప్ప అడుగున రోడ్డు కోసం కోత పెడితే పైనున్నదంతా కొత్త కోణం వెతుక్కుంటూ కిందికి వస్తుంది. 2010 ఆగస్టులో లేహ్‌లో ఒక్క రాత్రి కురిసిన కుండపోతకు, ఎంత తొందరగా నీరు దించుకునే నేలైనా ఆ వేగాన్ని అందుకోలేక, రాళ్ళూ బురదా కలిసి ఊళ్ళ మీద పడ్డాయి, 200 మందికి పైగా చనిపోయారు.

అలాంటి నేలలోనే లడఖ్ రైతులు వందల ఏళ్ళుగా బార్లీ పండిస్తున్నారు. రాళ్ళు ఏరి గట్లు కట్టారు, హిమానీనదాల నుంచి కాలువలు తెచ్చారు, నీళ్ళు వాడని మరుగుదొడ్లలో తయారైన ఎరువును ఏటా పొలానికి మోశారు. మన చల్క రైతు కాకతీయుల చెరువుల్లో పూడిక తీసి ఆ నల్లమట్టిని చేనులో పోసుకున్నదీ, 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ట్రాక్టర్లతో తోలుకున్నదీ ఇలాంటి అవసరానికే, నీరు ఆగని నేలకు కాస్త పట్టు ఇవ్వడానికే. తేడా ఏమిటంటే, చలిలో సూక్ష్మజీవులు మెల్లగా పనిచేస్తాయి కాబట్టి లడఖ్‌లో వేసిన ఎరువు నేలలో చాలా కాలం ఉంటుంది. మన ఎండకు పశువుల ఎరువు ఒకటి రెండేళ్ళలోనే చాలావరకు కరిగిపోతుంది, చెరువుమట్టిలోని బంకమట్టి అలా పోదు. అందుకే చల్క ఉన్నవాళ్ళకు రెండూ వేయమనే చెప్తాను, ఎరువు ఏటా, చెరువుమట్టి కొన్నేళ్ళకోసారి, అదీ నీరు దిగడం ఆగిపోయేంత మందంగా కాకుండా.